పిల్లులు కుక్కలు ఎక్కువైపోయాయి, ఖర్చు మోయలేకపోతున్నా, వదిలెయ్యనూ లేకపోతున్నా.. ఏం చెయ్యాలో చెప్పండి

కుట్టుమిషన్_అక్క

అందరికీ నమస్తే అండి. చాలా రోజుల్నించి చదవటమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ మా ఆయనతో గొడవయ్యి నిద్ర పట్టక రాస్తున్నా, పెద్దగా ఉంటుంది ఏమనుకోకండి.

మాది బెజవాడ, సింగ్‌నగర్ వైపు. అద్దె ఇల్లు, రెండు గదులు, పైన డాబా. మా ఆయన ఆటోనగర్‌లో లేత్ పని చేస్తారు, నెలకి 19 వేలు, నేను ఇంట్లో జాకెట్లు కుడతా, పెళ్లిళ్ల సీజన్‌లో 6 వేలు దాకా వస్తాయి లేకపోతే అదీ లేదు. పిల్లలు ఇద్దరు, ఒకడు తొమ్మిది, చిన్నది ఆరు.

మాకు మొదట్నించీ ఉన్నది ఒక్క పిల్లే, మల్లి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వచ్చి పడింది కదా, చూస్తుండగానే నీళ్లు గుమ్మం దాటి మంచం ఎక్కాయి, మేం డాబా ఎక్కేశాం. ఆ డాబా మీదకే గోడలు పట్టుకుని ఇంకో రెండు పిల్లులు వచ్చాయి, ఒక గోధుమ రంగుది, ఒక నల్ల గండుపిల్లి, పక్కింటివాళ్లు వదిలేసి వెళ్లిన రాణి అనే కుక్క కూడా. పడవల్లో ఇచ్చిన పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు వాటితో కలిసే తిన్నాం. నీళ్లు తీశాక వాటిని ఎవరూ అడగలేదు, మేమూ పొమ్మనలేదు. అన్ని రోజులు ఒకే డాబా మీద పడుకున్నాక ఎలా పొమ్మంటాం చెప్పండి.

అక్కడ మొదలైంది. మల్లి 4 పెట్టింది, ఒకటి పోయింది, 3 ఉన్నాయి. గోధుమ 3 పెట్టింది, ఒకదాన్ని మా ఆడపడుచు తీసుకుంది, 2 ఉన్నాయి. మా చిన్నది స్కూల్ దగ్గర డ్రైనేజీలోంచి ఒకడిని తెచ్చింది, వాడికి బుడమేరు అని పేరు పెట్టారు. మొన్న మల్లి కూతురు చుక్క కూడా అటక మీద రెండు పెట్టింది. గోధుమ మళ్లీ కడుపుతో ఉందేమో అని డౌట్‌గా ఉంది. మొత్తం 9 పిల్లులు. కుక్కలు 3, రాణి, దాని కూతురు బ్రౌనీ, ఇంకా మా గేటుకి ఎవరో తాడుతో కట్టేసి వెళ్లిపోయిన ముసలి లాబ్రడార్ (ల్యాబ్). గేటు బయట తినేవి ఇంకో రెండు ఉన్నాయి కానీ అవి మావి కాదు.

ఖర్చు చెప్తా. రోజూ కేజీ కోడికాళ్లు తలకాయలు, తెలిసిన షాపు కాబట్టి 40కి ఇస్తాడు. పాలు రోజుకి లీటరు, 60. కోటా బియ్యం మొత్తం వీటికే పోతున్నాయి, మేం తినేవి మళ్లీ కొంటున్నాం. ల్యాబ్‌కి పళ్లు సరిగ్గా లేవని డాగ్ ఫుడ్ బస్తా, నెలకి 2 వేలు పైనే. పోయిన నెల బ్రౌనీకి పిడుదుల జ్వరం వచ్చి ముక్కులోంచి రక్తం కారితే మూడు సార్లు ప్రైవేట్ క్లినిక్‌కి తిప్పేసరికి 7400 అయ్యింది, నా కమ్మలు తాకట్టు పెట్టా. అది ఇవాళ మా ఆయనకి తెలిసింది. గొడవ అదే.

ఓనరు సంక్రాంతి దాకా టైం ఇచ్చాడు, డాబా అంతా వాసన వస్తోందంట. వాసన రావటం నిజమే. పిల్లులకి ఎప్పుడూ విరోచనాలే, కడిగిందే కడుగుతున్నా. మా అత్తగారు చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రండి అవే బతుకుతాయి అంటారు. ఓనరా పిల్లులా అంటే కరవమంటే కప్పకి కోపం విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది నా పని.

నన్ను తిట్టినా పర్లేదు, ఖర్చు ఎలా తగ్గించాలి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు తక్కువలో ఎక్కడ చేస్తారు, ఎవరికైనా ఇవ్వాలంటే ఎలా ఇవ్వాలి చెప్పండి. ఇంకోటి, పిల్లికి ఒళ్లు వేడిగా ఉంటే మా పిల్లలకి వేసే జ్వరం సిరప్ కొంచెం వెయ్యొచ్చా?

---

పశువైద్యం_ఫైనలియర్

మిగతాది తర్వాత రాస్తా, ముందు చివరి ప్రశ్నకి. వెయ్యకండి మేడం. ఆ సిరప్‌లో ఉండేది పారాసిటమాల్, పిల్లి ఒంట్లో అది అరగదు, విషం అవుతుంది, చిన్న డోసుకే చనిపోయిన పిల్లుల్ని చూశా. కుక్కలకి కూడా సొంతంగా వద్దు. ఇప్పటికే వేసుంటే ఈ రాత్రే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

---

సూటిగా_చెప్తా

తిట్టినా పర్లేదు అన్నారు కాబట్టి చెప్తున్నా. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని మా నాయనమ్మ అనేది. 25 వేలు కూడా రాని ఇంట్లో నెలకి 6, 7 వేలు జంతువులకి పోతుంటే మీ ఆయనకి కోపం రావటంలో తప్పేముంది, ఆ కమ్మలు ఆయన కొనిచ్చినవే అయ్యుంటాయి. పిల్లల ట్యూషన్ గురించి ఒక్క ముక్క రాయలేదు మీరు, ఆపేశారా?

ఇంకో విషయం. మీరు రాసింది నేను వేళ్ల మీద లెక్కపెట్టా. మల్లి, గోధుమ, నల్లది, అవి 3. మల్లివి 3, గోధుమవి 2, అంటే 8. బుడమేరుతో 9. మరి అటక మీద రెండు? మొత్తం 11 అండి, 9 కాదు. గోధుమ పెడితే ఇంకో మూడో నాలుగో. మీకే లెక్క తెలియకపోతే మేమేం చెప్పాలి.

---

మల్కాజిగిరి_మ్యావ్

పైన అన్న జర మెల్లగా, ఆమె అర్ధరాత్రి ఏడ్చుకుంట రాసింది.

అక్కా మా ఇంట్ల ఒక టైంల 14 పిల్లులుండె. మేం చేసిన తప్పే నువ్వు చేస్తున్నవ్, తిండికి పైసల్ పెట్టుకుంట పోయినం, ఆపరేషన్‌కి పెట్టలె. ఒక్కోదానికి ప్రైవేట్ల 5500 అడిగిండ్రు, అమ్మో అన్ని పైసలా అనుకున్నం. ఏడాది అయినంక చూస్తే ఆ పిల్లల తిండికే దానికి డబుల్ పోయింది. ఆఖరికి నారాయణగూడ గవర్నమెంట్ వెటర్నరీ హాస్పిటల్‌కి పట్టుకపోయినం, పొద్దుగాల్నే పోయి లైన్ల నిలబడాలె, కొన్ని మందులు బయట కొనుక్కోవాలె, గంతే. నెలకి రెండు లెక్కన చేయించినం. ఒక్కసారి అన్నిట్కి అనుకుంటే ఎప్పటికీ కాదు.

ఎవరిది ముందు అంటే ఆడయి ముందు. మగయి ఎన్నున్నా పిల్లల్ని పెట్టవు కదా. మేం గండుపిల్లులకి ముందు చేయించి చేతులు దులుపుకున్నం, గల్లీల ఉన్న ఇంకో గండుపిల్లి వచ్చి పని కానిచ్చి పోయింది 😂

వాసనకి ఒక ముచ్చట. లిట్టర్ అని పిల్లులు దొడ్డికి పోయే ఇసుక అమ్ముతరు, అది కొనకు, సామిల్లుల రంపపు పొట్టు సంచి నింపుకరా, మాకైతే ఫ్రీగనే ఇచ్చెటోళ్లు. పాత ప్లాస్టిక్ టబ్బులు నాలుగైదు పెట్టి అండ్ల పొయ్యి, తడిసింది రోజు తీసెయ్. ఫినాయిల్ మాత్రం పిల్లులు తిరిగే కాడ పొయ్యకు, కాళ్లకంటుతది, నాకుతయ్, మంచిది కాదు. సబ్బు నీళ్లు, తర్వాత ఎండ. మగయి గోడల మీద చిమ్ముతుంటే ఆ వాసన ఎంత కడిగినా పోదు, ఆపరేషన్ అయినంక మస్తు తగ్గుతది.

---

పశువైద్యం_ఫైనలియర్

ఇప్పుడు పెద్దది రాస్తున్నా. నేను చదివేది గన్నవరంలోనే, మీకు దగ్గర కాబట్టి చెప్తున్నా, మా వెటర్నరీ కాలేజీకి హాస్పిటల్ ఉంది, పొద్దున్నే వచ్చి ఓపీ చీటీ రాయించుకోండి. స్టూడెంట్స్ ఉంటారని భయపడకండి, చేసేది మా సార్లే, మేం పక్కన నిలబడి తిట్లు తింటాం.

మేడం మీ పోస్ట్‌లో నాకు ముందు కనపడింది పాలు. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరోచనాలకి అదే కారణం అయ్యుండొచ్చు. ఒక వారం పాలు పూర్తిగా ఆపి మంచినీళ్లు మాత్రం పెట్టి చూడండి. రోజుకి 60 అంటే నెలకి 1800, అది మిగులుతుంది, వాసన సగం తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే పురుగులు ఉండొచ్చు, చూపిస్తే బరువుని బట్టి మందు ఇస్తారు, ఎలాగూ మూడు నెలలకోసారి వెయ్యాలి. అటక మీద చంటివాటికి తల్లి పాలు చాలు, చుక్కకి మాత్రం తిండి బాగా పెట్టండి.

పిల్లికి మాంసం తప్పనిసరి, కుక్కలా అన్నంతో నెట్టుకురాలేదు, టారిన్ అనే పోషకం ముఖ్యంగా మాంసంలో, చేపలో దొరుకుతుంది, అది తగ్గితే కళ్లు, గుండె దెబ్బతింటాయి. కాబట్టి ఆ కోడికాళ్లు తలకాయల్లో పిల్లుల వాటా పెంచి కుక్కలకి అన్నం, గుడ్డు, కొంచెం పెరుగు ఎక్కువ చెయ్యండి. అప్పుడప్పుడు కందనకాయ, గుండెకాయ కలపండి, లివర్ రోజూ వద్దు. ఉడికించిన ఎముక వెయ్యకండి, చీలి గొంతులో గుచ్చుకుంటుంది. మిగిలిన పప్పుచారు, కూర కలిపి పెడుతుంటారు చాలామంది, అందులో ఉల్లిపాయ వెల్లుల్లి ఉంటాయి, రెంటికీ పడవు.

ఇక ఆపరేషన్ లెక్క. పిల్లి నాలుగైదు నెలలకే ఎదకి వస్తుంది, కడుపు రెండు నెలలు, పైగా పాలిస్తూ ఉండగానే మళ్లీ కడుపు వస్తుంది. అందుకే మీకు ఏడాదిలో ఇన్ని అయ్యాయి. చుక్క పిల్లలు పాలు మానేదాకా ఆగాలి, ఒక రెండు నెలలు, అప్పటిదాకా దాన్ని గదిలోనే ఉంచండి. మల్లికి వెంటనే చేయించొచ్చు. గోధుమని ముందు చూపించండి, కడుపుతో ఉన్నా ఆపరేషన్ చేస్తారు కానీ అది మీరు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాల్సింది, నేను ఇలా చెయ్యండని చెప్పను. నల్ల గండుపిల్లికి చేసినా ఒక నెల పైన జాగ్రత్త, అప్పటిదాకా కడుపు చెయ్యగలదు, ఈ ముక్క చాలామందికి తెలీదు, ఆపరేషన్ ఫెయిలైందని మా మీదకి వస్తారు.

ల్యాబ్‌కి చర్మం ఎలా ఉంది? జుట్టు రాలి, గోక్కుంటూ, మీ ఇంట్లో వాళ్లకి కూడా దురద ఉంటే అది గజ్జి, అంటుకుంటుంది, చూపించండి.

రేబిస్ టీకా మాత్రం డబ్బుల్లేవని ఆపొద్దు. జూలై 6 జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల దినం) రోజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు, 1885లో పాశ్చర్ మొదటిసారి మనిషికి ఆ టీకా వేసింది ఆ రోజే. ఈలోగా ఏ పిల్లి గీరినా, కుక్క పన్ను తగిలినా పదిహేను నిమిషాలు సబ్బుతో ధార కింద కడిగి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి, మనుషులకి అక్కడ ఫ్రీ. పసుపు, కారం పెట్టకండి.

---

గోదారి_గట్టు

నేను రాద్దామా వద్దా అనుకుని రాస్తున్నా.

మా అమ్మ రాజమండ్రిలో ఒక్కతే ఉండేది, నాన్న పోయాక. నేను బెంగుళూరు. మొదట ఒక కుక్క, ఫోన్లో దాని ముచ్చట్లే చెప్పేది, నాకూ హాయిగా ఉండేది, తోడుంది కదా అని. తర్వాత నాలుగు అంది. నేను దసరాకి వెళ్తే 17 ఉన్నాయి. పెరట్లో ఏడు, ఇంట్లో పది. వంటింట్లో గ్యాస్ మీద కుక్కలకి అన్నం, తను రెండు రోజులుగా ఇడ్లీలు తెప్పించుకుని తింటోంది. బీపీ మాత్రలు కొనటం మానేసింది, ఆ డబ్బుతో కుక్కలకి గుడ్లు. నాలుగు అన్నావు కదమ్మా అంటే నాలుగే రా, మిగతావి వచ్చిపోయేవి అంది. వచ్చిపోయేవాటికి పేర్లున్నాయి, మెడలో పట్టీలున్నాయి.

అందుకే పైన ఆయన 11 అని లెక్క తేల్చినప్పుడు నాకు గుండెలో కలుక్కుమంది అక్కా. మీది అబద్ధం కాదు. లెక్కపెడితే ఎవరో వచ్చి తీసుకుపోతారని భయం. మా అమ్మకీ అదే.

నేను చేసిన పెద్ద తప్పు కోపంతో ఒక్కరోజులో అన్నీ పంపించేద్దామని చూడటం. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. తర్వాత ఒక పిన్ని సలహా ఇచ్చింది, నోట్‌బుక్ కొని ఒక్కో కుక్కకి ఒక పేజీ రాయమంది, పేరు, ఎప్పుడొచ్చింది, టీకా ఉందా, ఆపరేషన్ అయ్యిందా. రాయటం అమ్మ చేతే చేయించాం. పదకొండో పేజీ దగ్గర పెన్ను పక్కన పెట్టేసి, ఇంకేమీ రానివ్వనురా అంది, నేనేం అనకుండానే. ఆ తర్వాత ఏడాదిన్నర పట్టింది 17 నుంచి 6కి రావటానికి. కొన్ని ముసలివై పోయాయి, కొన్నింటిని ఇళ్లకి ఇచ్చాం.

ఇచ్చేటప్పుడు ఒక్కటి, ఆ ఇంటికి మీరే వెళ్లి చూసి దింపి రండి. బస్టాండ్‌కి వచ్చి తీసుకుంటామనే వాళ్లకి ఇవ్వొద్దు. మాకు ఒకడు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ ఆడకుక్కే కావాలన్నాడు, అనుమానం వచ్చి ఆరా తీస్తే పిల్లల్ని పెట్టించి అమ్ముకునేవాడంట. మామూలుగా అయితే ఆడది అనగానే జనం మొహం తిప్పుకుంటారు, అక్కడ కూడా అదే గోల మనకి. ఆపరేషన్ చేయించి ఇస్తే రెండు సమస్యలూ ఉండవు.

---

సూటిగా_చెప్తా

సరే బ్రదర్, నా టోన్ తప్పే, ఒప్పుకుంటున్నా.

ఒకటి మాత్రం చెప్తా, అత్తగారి చేపల మార్కెట్ ఐడియా వద్దు. పెంచుకున్నదాన్ని వదిలెయ్యటం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం, మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు 😀 ఆ 50కి ఇప్పుడు ప్లేటు ఇడ్లీ కూడా డౌటే కానీ నేరం నేరమే. అది పక్కన పెట్టినా, మార్కెట్‌లో ఇప్పటికే ఉన్న పిల్లులు కొత్తదాన్ని రానివ్వవు, ఇంట్లో పెరిగినది వారం బతకదు.

గేటు బయట రెండు కుక్కలు మావి కాదన్నారు కదా, ఆ మాట మీద గట్టిగా ఉండండి, అది మీకు మంచిదే. వీధి కుక్కల ఆపరేషన్, టీకా మున్సిపాలిటీ చూడాలి, 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) రూల్స్ అవే చెప్తాయి. కార్పొరేషన్‌లో రాసివ్వండి, తీసుకెళ్లి చేసి మళ్లీ అదే వీధిలో వదలాలి, గుర్తుకి చెవి కొంచెం కట్ చేస్తారు. మీ జేబులోంచి అక్కర్లేదు.

ఓనర్ దగ్గర మాత్రం చట్టాలు మాట్లాడకండి. అద్దెకున్నవాళ్లం, రేపు ఇంకో కారణం చెప్పి ఖాళీ చేయిస్తాడు.

---

కుట్టుమిషన్_అక్క

అందరికీ రిప్లై ఆలస్యమైంది, క్షమించండి. సిరప్ వెయ్యలేదు తమ్ముడూ, వేద్దామని మూత తీసి, ఎందుకో అడిగి వేద్దాంలే అని ఆగా.

అవును 11. అటక మీదవి మా ఆయనకి చెప్పలేదు, అందుకే నేనూ లెక్కలో వెయ్యలేదు, రాసేటప్పుడు చెయ్యి దానంతటదే 9 అని కొట్టింది. ట్యూషన్ కూడా ఆపేశా, పెద్దాడిది, దసరా నుంచి. వాడే వద్దన్నాడు అమ్మా నేను ఇంట్లో చదువుకుంటాలే అని, నేను సరే అనేశా. అది చదివి చాలాసేపు మిషన్ దగ్గర ఊరికే కూర్చున్నా.

గోదారి తమ్ముడు చెప్పినట్టు పాత కొలతల పుస్తకం తీసి వెనక పేజీల్లో రాశాం, మా ఆయన్ని కూడా కూర్చోబెట్టా. అటక మీద రెండు ఉన్నాయని అప్పుడే చెప్పా. ఏమీ అనలేదు, నిచ్చెన వేసుకుని పైకెక్కి చూసి వచ్చి, ఒకటి కర్రోడి పోలికే అన్నాడు. కర్రోడంటే మా నల్ల గండుపిల్లి.

పాలు ఆపిన నాలుగో రోజుకే తేడా తెలిసింది. ఇన్నాళ్లూ ప్రేమగా 60 రూపాయలు పోసి విరోచనాలు పెట్టిస్తున్నా అన్నమాట. ఆ డబ్బులో 900తో ట్యూషన్ మళ్లీ కట్టా. సామిల్లు అబ్బాయి పొట్టు ఊరికే ఇచ్చాడు, బదులుగా వాళ్లావిడ జాకెట్ ఒకటి ఆల్టర్ చెయ్యమన్నాడు. ఓనర్‌కి పుస్తకం చూపించి మార్చి దాకా అడిగాను, చూద్దాం అన్నాడు, అంటే ఒప్పుకున్నట్టే ఆయన భాషలో.

నిన్న గన్నవరం వెళ్లొచ్చాం, మల్లికి అయిపోయింది. గోధుమకి కడుపు కాదంట, గ్యాస్ అంట, తిండి ఎక్కువై పొట్ట వచ్చింది 🙈 దానికి వచ్చే వారం రమ్మన్నారు. ఇప్పుడు సమస్య ఏంటంటే మల్లి కుట్లు నాక్కోకుండా మెడకి పెట్టిన గరాటు లాంటి కోన్ గంటకోసారి పీకేస్తోంది, కుట్లు నాకేస్తుందని రాత్రంతా కాపలా కాశా. పొద్దున విసుగొచ్చి జాకెట్ లైనింగ్ ముక్క తీసి, నాలుగు కాళ్లకి కన్నాలు పెట్టి, వెన్ను మీద ముడేసేలా చిన్న చొక్కా కుట్టేశా. కోన్ తీసేసి అది తొడిగా, మొదట కొంచెం పక్కకి పక్కకి నడిచింది, ఇప్పుడు పడుకుంది. ఇలా వెయ్యొచ్చా తమ్ముడూ, గాలి తగలకపోతే ఏమైనా అవుతుందా?

---

పశువైద్యం_ఫైనలియర్

వెయ్యొచ్చు మేడం, కాటన్ అయితే ఇంకా మంచిది, తడిస్తే మార్చండి, రోజుకి రెండుసార్లు ఎత్తి కుట్లు చూడండి, ఎర్రగా వాచినా నీరు కారినా తీసుకురండి. బయట ఇవే అమ్ముతారు, ఒక్కోటి మూడు నాలుగొందలు చెప్తారు, సైజు ఒక్కటీ సరిపోదు.

ఫొటో ఒకటి పెట్టండి. మా ఓపీకి వచ్చేవాళ్లు రోజూ అడుగుతుంటారు, కోన్ ఉండట్లేదు ఇంకేమైనా ఉందా అని. మీరు ఎంతకి కుట్టిస్తారు?

---

కుట్టుమిషన్_అక్క

లైనింగ్ గుడ్డ నా దగ్గర మిగిలిందే ఉంటుంది, కాటన్ అయితే 80 తీసుకుంటా. మెడ చుట్టుకొలత, ముందు కాళ్ల వెనక ఛాతీ, మెడ నుంచి తోక దాకా పొడుగు, ఈ మూడు కొలిచి పంపమనండి. కుక్కలకైతే గుడ్డ ఎక్కువ పడుతుంది, చూసి చెప్తా.